ధైర్యం క్లాసు

"పొద్దున్నే అయిదింటికి లేవమంటున్నారు, బాగానే ఉంది. లేచి ఎక్కడికి వెళ్ళాలో అది కూడా మీరే చెప్పండి" అంటూ మూడో బెంచీలోంచి లేచి నిలబడింది కుట్టుమిషనావిడ.

గదిలో ఉన్న నలభై మందీ మెడలు తిప్పి చూశారు. బోర్డు ముందున్న మాస్టారు సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే కూర్చోమని సైగ చేశాడు. ఆవిడ కూర్చోలేదు.

దాన్ని అందరూ ధైర్యం క్లాసు అంటారు. ఊళ్ళో ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాక్టరీలు మూతపడి, పనులు పోయి రోడ్డున పడ్డవాళ్ళ కోసం ఉపాధి ఆఫీసువాళ్ళు పెట్టారు. వారం రోజులు వచ్చి కూర్చుంటేనే కార్డు మీద ముద్ర పడుతుంది. ముద్ర పడితేనే భృతి. ఉద్యోగం ఊసు మాత్రం ఎవరూ ఎత్తకూడదు. ఆకలేసి వచ్చినవాడికి అన్నం పెట్టకుండా నమలడం నేర్పించి పంపినట్టుంటుంది వ్యవహారం.

"సమస్య బయట లేదమ్మా" అన్నాడు మాస్టారు, మొహాన నవ్వు చెదరకుండా. "మాంద్యం అనేది పేపర్లో రాసుకునే మాట. అసలు మాంద్యం మీ మనసులో ఉంది. రోజూ అద్దం ముందు నిలబడి, నేను గెలుస్తాను అని పదిసార్లు అనుకోండి."

"అద్దం ముందు నిలబడే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదండీ. నేను మిషను కుట్టిన బూట్ల ఫ్యాక్టరీలోనే మా ఆయన పధ్నాలుగేళ్ళు తోలు కత్తిరించాడు. ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. గేటుకి తాళం పడ్డ రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు, నాలుగు నెలలైంది, ఇటు తిరగలేదు. స్నానం చెయ్యమంటే ఎందుకంటాడు. తినమంటే ఎందుకంటాడు. ఆ ఎందుకుకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి, వెళ్ళి ఆయనకి చెప్తాను."

"మా తమ్ముడూ అంతేనమ్మా" అంది వెనక బెంచీలోంచి ఎవరో.

మాస్టారు చేతిలో కాగితం వంక ఓసారి చూసుకున్నాడు. "బద్ధకానికి దిగులని పేరు పెట్టుకుంటే ఎవరేం చెయ్యగలరమ్మా" అన్నాడు.

ఇక చూడాలి. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ మాట ఇంకోసారి అనకండి. రోజుకి వంద జతలు కుట్టిన చేతులివి. తాళం వేసింది మేము కాదు. వేసినవాళ్ళు కులాసాగానే ఉన్నారు, వాళ్ళకి ఏ క్లాసూ లేదు. మమ్మల్ని నూతిలోకి తోసేసి, పైనుంచి తొంగి చూస్తూ ఈత రానందుకు సిగ్గుపడమంటున్నారు. మీకసలు పని పోవడమంటే ఏంటో తెలుసా?"

గది గదంతా బెంచీల మీద చరిచింది. మాస్టారు మొహంలో నెత్తురుచుక్క లేదు. తలుపు అద్దంలోంచి ఈ క్లాసులు నడిపించే ఆఫీసరమ్మ చూస్తోంది.

"కూర్చోండమ్మా, మీకు దండం పెడతాను" అన్నాడు గొంతు తగ్గించి. "మేడమ్ చూస్తున్నారు."

చూడనీ, అనుకుంది కుట్టుమిషనావిడ. బూట్లు కుట్టిన మనిషి కాబట్టి ఆవిడ చూపు ఎవరినైనా ముందు కాళ్ళ దగ్గరే కొలుస్తుంది. మాస్టారి బూట్లకి పాలిష్ తళతళలాడుతోంది గానీ, అడుగు రెండుసార్లు కుట్టించినది, ఎడమదాని ముందు భాగం నోరు తెరవబోతోంది. ఈయన మాటల్లాగే అంతా పైపై మెరుగు, అనుకుని మరీ కూర్చుంది.

అయిదు నిమిషాల్లో అటెండరు వచ్చాడు. "మేడమ్ మిమ్మల్ని రమ్మంటున్నారు."

పేరు కొట్టేస్తే భృతి పోతుంది. భృతి పోతే ఆయన మందులు పోతాయి. ఇంట్లో మూడంటే మూడు బిళ్ళలున్నాయి. అవి కూడా మానేస్తే మనిషి మిగలడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నా నోటిదూల తగలెయ్య, అని తిట్టుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"తప్పయింది మేడమ్. ఇంక నోరెత్తను. నా పేరు మాత్రం కొట్టెయ్యకండి."

ఆఫీసరమ్మ నవ్వింది. "కొట్టెయ్యడమెందుకండీ? నెల రోజుల నుంచి చూస్తున్నాను, ఆ క్లాసులో అందరూ నిద్రపోవడమే. ఇవాళ మీరు మాట్లాడుతుంటే ఒక్కళ్ళు కునుకు తియ్యలేదు. మాకు కావలసింది ఆ గొంతే. రేపట్నుంచి క్లాసు మీరు చెప్పండి. జీతం నెలనెలా ఇస్తాం."

కుట్టుమిషనావిడ బల్ల దగ్గరికి జరిగింది. "నేనేం చెప్పాలి?"

ఆఫీసరమ్మ నాలుగు టైపు కాగితాలు ముందుకి తోసింది. మొదటి వాక్యం ఆవిడ కంట్లో పడింది: మీ దిగులుకి కారణం మూతపడ్డ ఫ్యాక్టరీ కాదు, మీ బద్ధకం.

"ఒక్క మాట మారకూడదు" అంది ఆఫీసరమ్మ. "మీరు చెప్తే వాళ్ళు నమ్ముతారు. మీరూ వాళ్ళలో మనిషేగా."

ఒళ్ళు భగ్గుమంది. ఆ కాగితాలు ఆ మొహం మీదే విసిరికొట్టాలనిపించింది. వాటిని అందుకుంది కూడా. కానీ గోడవైపు తిరిగిన ఆ వీపు కళ్ళముందు కదిలింది. చెయ్యి దానంతటదే కిందికి దిగి, కాగితాలు మడిచి సంచిలో పెట్టింది. తన చేతిని చూసి తనకే అసహ్యమేసింది.

తలుపు దాకా వెళ్ళి ఆగింది. నలుగురిలో తను అన్నేసి మాటలన్న మాస్టారు గుర్తొచ్చాడు.

"మరి ఆ మాస్టారికి ఇంకెక్కడైనా పని చూశారా మేడమ్?"

"ఆయనకా?" ఆఫీసరమ్మ ఫైల్లోంచి తలెత్తలేదు. "పోయిన నెల మీలాగే ఆ బెంచీలోంచి లేచి, మీకంటే గట్టిగా అరిచాడాయన. రేపట్నుంచి మళ్ళీ అక్కడే కూర్చుంటాడు, మీ క్లాసులో."