చిలుక కడుపులో గొంతు

నేను చెప్పే కథల్లో అబద్ధం ఆవగింజంత కూడా ఉండదు. కావాలంటే మా వీధిలో ఎవర్నయినా అడగండి, నన్నెరిగినవాళ్ళను తప్ప.

"మళ్ళీ దేన్ని విప్పారు?" గుమ్మంలోనే నిలబడి అడిగింది మా వీధిలో తాళాలు బాగుచేసే అతని భార్య.

"రేడియోని," అన్నాడతను.

అతనికి కొత్త పిచ్చి పట్టింది. నా పాతసామాన్ల కొట్లోంచి మూగబోయిన రేడియోలూ పిల్లల పియానోలూ పట్టుకుపోతాడు. విప్పి, ఇక్కడి తీగ అక్కడ కలిపి, ఏమని అరుస్తాయో వింటాడు. ఆ రోజు తడివేలు ఆనించగానే రేడియో ఓండ్రపెట్టింది. సందు చివర గాడిద బదులు పలికింది.

ఆమె నవ్వలేదు. జ్వరంతో కొడుకు పోయిన ఎనిమిది నెలల్లో ఒక్కసారీ నవ్వలేదు.

"ఏదైనా విప్పుకోండి. చిలక జోలికి మాత్రం వెళ్ళకండి."

చిలుకంటే వాళ్ళ కొడుకు ఆడుకున్న బొమ్మ. పొట్ట నొక్కి మాట్లాడితే మాట దాచుకుంటుంది, తోక నొక్కితే తిరిగి పలుకుతుంది. వాడు చివరిసారి దాచిన మాట అందులో ఉంది: "అమ్మా, ఆకలేస్తోంది." వెనకాల ఆమె కుట్టుమిషను టకటక. రోజూ అన్నాల వేళకు ఆమె తోక నొక్కేది. "వస్తున్నా నాన్నా" అని లేచి, మొదటి కంచం చిలుక ముందు పెట్టేది.

ఆ గొంతు రోజురోజుకీ సన్నగిల్లుతోంది. ఆమెకు చెప్పకుండా పెద్ద స్పీకరు పెడదామనుకున్నాడు.

"ముందేం చెయ్యాలి బాబాయ్?"

"బ్యాటరీలు తీసెయ్‌రా. దేన్ని విప్పినా ముందు అదే పని," అన్నాను.

కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఆమె వెళ్ళిన మధ్యాహ్నం, తీశాడు. స్పీకరు అతికించి, బ్యాటరీలు మళ్ళీ వేసి, తోక నొక్కాడు. గర్రుమంది, అంతే. బ్యాటరీ ఉన్నంతసేపే మాట నిలుపుకునే రకం అది. అతనికి తెలియదు. నాకూ తట్టలేదు.

చిలుకను చంకన పెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"వాణ్ణి రెండోసారి పోగొట్టాను బాబాయ్."

"పియానోకి గొంతు సన్నంచేసే మీట పెట్టావే, అది దీనికీ పెట్టు. నువ్వే చెప్పు ఆ మాట."

"మోసం కాదూ?"

"మోసమే. ఆమె వచ్చేలోగా తేల్చుకో."

పదిసార్లు చెప్పాడు. ఒకసారి ఎలుకలా, ఒకసారి ముసలమ్మలా పలికింది. చివరికి మీట వెంట్రుకవాసి తిప్పితే ఆరేళ్ళ గొంతు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సాయంత్రం నేనూ వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాను. ఆమె తోక నొక్కింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

ఆ మాట తప్ప వెనకాల ఏ టకటకా లేదు. ఆమె చిలుకను ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవాళ బాగా వినిపిస్తోంది," అంది. నమ్మింది.

"వస్తున్నా నాన్నా," అంటూ లేచింది. మొదటి కంచం తెచ్చి భర్త ముందు పెట్టింది.

"తినండి. మధ్యాహ్నం అన్నం అలాగే ఉంది."

అబద్ధం ఆవగింజంత కూడా ఉండదన్నానా? ఒకటుంది, ఒప్పేసుకుంటున్నాను. మీరు గాడిదను అనుమానిస్తూ ఉంటారు. పాపం, గాడిద నిజంగానే అరిచింది.

ఆమె నమ్మిందన్నదే నా కల్పన.