ఒకటి పొడుగు, ఒకటి పొట్టి

“ఇప్పుడు ఎవరూ కదలకండి,” అంది సుత్తి మేడమ్.

వంతెన పనిలో ఉన్న నలభై మందీ బొమ్మల్లా నిలబడిపోయారు. చీఫ్ ఇంజనీరు కూడా టీ గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. బోరింగ్ మేస్త్రికి ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తను కదలొద్దంటే పిల్లి కూడా ఆగలేదు.

ఆమె పని ఆయనకు తమాషాగా ఉండేది. నేల పొడుగునా తీగ పరిచి, దాని వెంట అదురు పట్టే పరికరాలు ఇరవై నాలుగు గుచ్చి, ఇనప పలక మీద సుత్తితో కొడుతుంది. ఆ అదురు ఎంతసేపట్లో ఎక్కడికి చేరిందో చూసి, కింద గట్టి రాయి ఉందో గుల్ల ఉందో చెబుతుంది. మధ్యలో ఎవరు నడిచినా ఆ అడుగులు కూడా కంప్యూటరు తెర మీదకొచ్చి లెక్క చెడిపోతుందట. కూలీలు సుత్తి మేడమ్ అని పేరు పెడితే అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే.

ఇన్నాళ్ళూ నేల తొలిచి చూసి ఏ స్తంభం ఎక్కడ నిలబడాలో తేల్చింది ఆయన బోరే. ఎప్పుడో వయసులో ఉండగా దాని గొట్టం మీద పడి కాలు విరిగినా, అప్పట్నుంచీ కుంటుకుంటూనే పనిలోకొస్తున్నాడు. ఇప్పుడు చీఫ్ ప్రతిదానికీ మేడమ్‌ని అడుగుదామంటాడు. టీ కూడా ముందు ఆమెకే. నిన్నమొన్నటిదాకా పలకా బలపం పట్టుకు తిరిగిన పిల్ల. సైటులో తనను అందరిలాగే మేస్త్రి గారూ అనాలని మొదటి రోజే గట్టిగా చెప్పాడు. ఆమె మారుమాట లేకుండా సరేనంది. ఆ అణకువ కూడా ఆయనకు కంటగింపే.

నాలుగో స్తంభం దగ్గర ఆమె లెక్క కుదిరిందంటే, ఇకనుంచి ఆమె చూపించిన చోటే బోరు. ముప్ఫై ఏళ్ళ తన మాట మంటగలిసినట్టే.

సుత్తి దెబ్బ పడింది. తీగ చివర, ఇసుక గుట్ట వెనక, ఎవరికీ కనబడకుండా మేస్త్రి అటూ ఇటూ నడిచాడు. దెబ్బ పడినప్పుడల్లా నడిచాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి అందరి వెనకా నిలబడ్డాడు.

తెర మీద గీతలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఆమె వంగి చాలాసేపు చూసింది. ఒక వరస మాత్రం తీరుగా ఉంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి.

“ఎవరైనా నడిచారా?” అన్నాడు చీఫ్.

మేస్త్రి ముందున్నవాడి వెనక్కి జరిగాడు.

“లేదు సార్. తీగ నేనే వదులుగా బిగించాను,” అంది ఆమె.

తన అడుగులు మిషన్‌కి అందలేదన్నమాట అనుకుని మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. చీఫ్ ఆమెను అందరి ముందూ చెడామడా తిట్టాడు. రేపొక్కరోజు చూస్తాననీ, అప్పుడూ ఇంతే అయితే సుత్తి సర్దుకుని వెళ్ళిపొమ్మనీ అన్నాడు. అంత కమ్మటి తిట్లు మేస్త్రి ఎప్పుడూ వినలేదు.

అందరూ వెళ్ళాక ఆమె తీగ చుట్టుకుంటూ ఆయన దగ్గర ఆగింది.

“మేస్త్రి గారూ, రేపు మీరు నా పక్కన కూర్చోండి. ఊరికే నడిస్తే ఆ కాలు నొప్పి పుడుతుంది,” అంది.

చిన్నప్పుడు గుమ్మంలో ఆ కుంటి అడుగు వినబడితే చాలు, ‘నాన్నొచ్చాడు’ అంటూ పరుగెత్తేది.