రెండు చుక్కలకు చప్పట్లు

ప్రయాణమంటే మా కోడలు ముందు సర్దేది బట్టలు కాదు, మనవడి పసుపు ప్లాస్టిక్ పాటీ, అదే వాడి ఉచ్చ గిన్నె. తను కారు నడుపుతూ, వెనక నా పక్కన కూర్చున్న వాడితో ఒకటే భజన. "వచ్చే ముందే చెప్పాలి నాన్నా, సరేనా?"

వాడు చెప్పడం, ఈవిడ కారు ఆపడం, వాడు పోసే రెండు చుక్కలకు చప్పట్లు కొట్టడం! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముగ్గుర్ని పెంచాను, ఒక్కడికీ చప్పట్లు కొట్టలేదు. ఉచ్చకి కూడా సన్మానమేమిటే!"

కోడలు నవ్వింది. పెట్రోలు బంకు దగ్గర, "మీరూ ఓసారి వెళ్ళొస్తారా అత్తయ్యా?" అని అడిగింది.

"నేనేమన్నా చంటిపిల్లనా? కారు పోనీ!" అన్నాను.

పెద్ద వంతెన మధ్యలో బండ్లన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట. ఇటు చూస్తే నీళ్ళు, అటు చూస్తే నీళ్ళు. బిగబట్టుకుని, కాళ్ళు రెండూ మెలేసుకుని కూర్చున్నాను.

కోడలు అద్దంలోంచి చూసింది. కిటికీలకు దుప్పటి, చున్నీ అడ్డం కట్టి, పాటీ నా వైపు జరిపి, తను ముందుకు తిరిగి కూర్చుంది.

నా పని కాగానే మనవడు వేలు చూపించాడు. "వచ్చే ముందే చెప్పాలి నానమ్మా, సరేనా?"

ఆ తర్వాత రెండు చేతులా చప్పట్లు కొట్టాడు.

ముగ్గుర్ని పెంచానా! ఇన్నేళ్ళలో నాకు చప్పట్లు కొట్టింది ఈ భడవ ఒక్కడే.