గంట దూరం

నాగేందర్ తలుపు తియ్యంగనే అల్లుడని గూడ సూడకుండ కాలర్ పట్టిన.

"విమానంల గంట ప్రయాణమే మామా అన్నవ్ గదరా పెండ్లిసూపుల నాడు! ఫోన్ల గూడ సూపిస్తివి!"

విమానం గంటనే ఎగిరింది, అది నిజమే. కానీ అది ఎక్కనీకి కోదాడ నుంచి ఒక పూటంతా బస్సుల కూసున్న. దిగినంక ఆ చిన్న ఎయిర్‌పోర్టు నుంచి ఈ గనుల ఊరికి కొండలల్ల ఒక పగలంతా జీపుల ఊగుకుంట వచ్చిన. మా గరిడేపల్లి నుంచి మిర్యాలగూడకు పోయొచ్చినట్టే ఉంటదనుకొని బిడ్డనిచ్చిన నేను. గింత మోసం చేస్తరా ఎవరన్నా?

నా బిడ్డ స్వరూప లోపలి నుంచి వచ్చి నా చెయ్యి విడిపిచ్చింది.

"ఆయన్నెందుకంటవ్ నాయినా? నీకు గంట అని చెప్పుమన్నది నేనే. ఇంత దూరమని తెలిసే చేసుకున్న."

"కన్నతండ్రి మీద గంత పగనా బిడ్డా?"

"నీ దెబ్బలకు ఓర్వలేక అమ్మ మిర్యాలగూడల పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడల్లా, గంట తిరగకముందే పోయి జుట్టు పట్టి గుంజుకొస్తుంటివి. అందుకే నువ్వు గంటల రాలేని ఇల్లు సూసుకున్న. నాకోసం కాదు, అమ్మకోసం."

బిడ్డ భుజం మీదికెల్లి తొంగి సూసిన. అర్రల మంచం మీద కూసోని ఉంది నా పెండ్లాం.

"లే! నడువ్ ఇంటికి!" అని అరిసిన.

లేసింది. నా దిక్కు సూసుకుంటనే అర్ర తలుపు మూసి, లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుంది.