కిటికీ అవతలి రాజధాని

"మన రాజధాని పక్కదేశంలో ఉండేదా? కోతలు కోయకండి టీచర్!" ఒరాటిలే కిసుక్కున నవ్వింది.

బొనోలో టీచరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. విసవిసా క్లాసు బయటికెళ్లి కిటికీ ఊచలకు మొహం ఆనించింది.

"ఇది పక్కదేశంలోని మాఫికెంగ్. దొరలు ఇక్కడ కూర్చునే మన బోట్స్వానాను ఏలారు. నోళ్లు మూయండి! ఏలుతున్నానా లేదా?"

"ఏలుతున్నారు టీచర్!"

"ఇప్పుడు రాజధానిని గాబొరోన్‌కి, అంటే మీ మధ్యకి మార్చేస్తున్నా."

ఆమె చుట్టూ తిరిగి వచ్చేసరికి తలుపుకు లోపల గడియ పడింది.

"తియ్యండర్రా!"

"స్వాతంత్ర్యం వచ్చేసింది టీచర్!"

లోపల బల్లమీద ఆమె తెచ్చుకున్న మగ్విన్యా బూరెల పొట్లం ఉంది. ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే పిల్లలందరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

"నా బూరెలు!"

ఒరాటిలే మూతి తుడుచుకుని, మిగిలిన ఒక్క బూరెనూ ఊచల్లోంచి అందించింది.

"తీసుకోండి టీచర్. పరాయిదేశానికి మా సాయం."