పదకొండో టేక్

"నాకు షుగరే లేదు సారూ. తగ్గిందని ఎట్ల చెప్పాలె?" ఐలయ్య కుర్చీలోంచి లేచాడు.

విమానాశ్రయం దగ్గరి పాల్మాకుల శివారులో మక్కచేను గట్టు మీద కెమెరా పెట్టారు. షుగర్ జబ్బుకు అమ్మే పొడికి ప్రకటన. తీస్తున్న భార్గవ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"కూర్చోండి పెద్దాయనా. నటులకు తెల్లకోటు తొడిగి చెప్పిస్తే జనం నమ్మట్లేదు. మీ ముఖం చూస్తే నమ్ముతారు."

"గందుకే చెప్ప."

"మీ ఇష్టం. ఇంకో ముగ్గురు రైతులు మేం వస్తామంటున్నారు. పది నిమిషాలు చూస్తాను." భార్గవ్ వాచీ చూసుకున్నాడు. "మీ ఆవిడ కాలికి పుండన్నారు కదా?"

ఐలయ్య చేను వైపు తిరిగాడు. షుగర్ ఉన్నది సత్తెమ్మకు. మడమ మీది పుండు మానడం లేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఈ ప్రకటనకు ఇస్తామన్న పైసలు అందుకే.

కూర్చున్నాడు.

"నాకు ఆరేండ్ల సంది షుగర్. ఈ పొడి తాగినంక గోలీలు బంద్ చేసిన."

నెత్తి మీద విమానం పోయింది. మాట వినబడలేదు. "మళ్లీ" అన్నాడు భార్గవ్. ఇంకో విమానం. మళ్లీ. మొదట ఐలయ్య నేల చూస్తూ చెప్పాడు. పదకొండోసారి కెమెరాను చూస్తూ, తడబడకుండా చెప్పాడు. అప్పుడు విమానం రాలేదు.

"నేనే నమ్మేశాను!" భార్గవ్ నవ్వాడు.

ఐలయ్య ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. వారంలో వీడియో ఊరి ఫోన్లన్నిటికీ చేరింది. పైసలు చేతికి రావడానికి మాత్రం నెలన్నర పట్టింది. వచ్చిన రోజే సత్తెమ్మను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టర్ కట్టు విప్పి చూశాడు. రిపోర్టు చూశాడు.

"పాదం తీసెయ్యాల్సి వస్తది. గోలీలు ఏసుకుంటలేదా?"

"రోజూ ఏసుకుంటది సారూ" అన్నాడు ఐలయ్య.

"లే సారూ." సత్తెమ్మ కొంగు సర్దుకుంది. "నెల దాటింది బంద్ చేసి. పొడి తాగుతున్న. ఈయనకూ షుగరుండెనంట. నేను పరేషానయితనని నాకు దాసిండు. ఫోన్ల చెప్తుంటే ఇన్న."

"ఫోన్ల చెప్పేటియన్నీ నమ్ముతవా అమ్మా?"

"ఫోన్‌ను నేనెందుకు నమ్ముత సారూ? మా ఆయన జన్మల అబద్ధమాడలే."