పాలడబ్బాల అర

దుకాణం కట్టేశాక అరలు నింపడం వదిన పని. అక్కడ పనిచేసే అందరికీ ఆమె వదినే. పసిపిల్లల పాలపొడి డబ్బాలు తరచూ మాయమవుతున్నాయని వాటికి అద్దం తలుపు, తాళం పెట్టించారు. లోపల వరుసకో స్ప్రింగు. ముందున్న డబ్బా తీస్తే వెనకది టక్కున ముందుకొస్తుంది. నింపేటప్పుడు మాత్రం ఆ స్ప్రింగుతో కుస్తీ పట్టాల్సిందే.

ఆ రాత్రి కింది వరుస ఎదురు తిరగలేదు. పెట్టిన డబ్బా పెట్టినట్టే మెత్తగా లోపలికి జారిపోయింది. ఎనిమిది పట్టే చోట పన్నెండు పట్టాయి. అర వెనక ఉన్నది గోడే.

"మరిదీ, దీని స్ప్రింగు చచ్చినట్టుంది!" అని కేకేసింది.

"నీ చేతి దెబ్బ తిన్నాక ఏది బతుకుతుంది వదినా? రా, షట్టర్ దించేస్తున్నా," అన్నాడు వాచ్‌మన్, గుమ్మం దగ్గర నుంచి.

ఆమె నవ్వబోయింది. టక్కున ఒక డబ్బా ముందుకొచ్చి వేళ్లకు తగిలింది. ఎత్తితే దూదిలా తేలిపోయింది. మూత తీసి చూసింది. నలుసంత పొడి కూడా లేదు. అడుగంతా నాకినట్టు తడిగా మెరుస్తోంది.

మిగతావి ఏమయ్యాయోనని చెయ్యి లోపలికి పెట్టింది. మోచెయ్యి దాటినా డబ్బాలు తగల్లేదు. గోడా తగల్లేదు.

"లైటు తీసేస్తున్నా వదినా!"

చీకటి కమ్మేసింది. అరలో ఏదో ఆమె చూపుడువేలిని పట్టుకుంది. వెచ్చటి, చిట్టి పిడికిలి. గట్టిగా కూడా కాదు, ఆకలేసిన పసివాడు పాలసీసాను నోటి దగ్గరికి లాక్కున్నట్టు, మెల్లగా లోపలికి లాగింది.